తెర మీద బొట్టు

నిన్న ఇంటర్నెట్ తీగ బాగుచేయడానికి వచ్చిన మనిషి పని ముగించుకుని, సంచి సర్దుకుంటూ నా మానిటర్ వైపు చూశాడు.

"అన్నా, ఆ కుడి పక్క మూల ఎర్రగా ఏందో పడింది. నా దగ్గర లిక్విడ్ ఉంది. ఒక్క నిమిషంలో తుడిచేస్తా."

నేను వద్దనే లోపలే గుడ్డ తీసి చేయి ముందుకు చాచాడు. అతని మణికట్టు పట్టుకున్నాను. పరాయి మనిషి చేయి పట్టుకోవడం నా అలవాటు కాదు. అతను బిత్తరపోయి గుడ్డ జేబులో కుక్కుకున్నాడు.

"వారంటీ లేదా అన్నా? కొన్న కొత్తలోనే తీసకపోయి ఇచ్చుంటే మార్చిచ్చేవాళ్ళు కదా."

"బొట్టు పెట్టిన సరుకు వెనక్కి పోదు" అన్నాను.

ఆ మాట నాది కాదు. నోట్లోంచి వచ్చాక గానీ ఎవరిదో తట్టలేదు. అతను వెళ్ళిపోయాక పనిలో కూర్చోలేకపోయాను. లేచాను, కిటికీ దాకా నడిచాను, వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఆమె పోయి ఏడాది దాటింది. ఇన్నాళ్ళకు ఆమె తిరుగుడు నా కాళ్ళలోకి వచ్చినట్టుంది.

ఆమె నాకు మేనత్త వరస. మా నాయనకు చిన్నాయన కూతురు. మార్కాపురంలో సగం ఊరికి ఆమె అత్తే. వరస కలిసేవాళ్ళకూ అత్తే, కలవనివాళ్ళకూ అత్తే. దుకాణదారులు, ఆటోవాళ్ళు, తర్లుపాడు బస్సు కండక్టరు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అట్లాగే పిలిచేవారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. కాబట్టి నేను కూడా పేరు రాయను.

ఎప్పుడు తలచుకున్నా ఆమె నిలబడే కనిపిస్తుంది. టీ నిలబడి తాగేది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడేది. పెళ్ళిళ్ళలో పంక్తి భోజనానికి ఎంత పిలిచినా రాదు. పొయ్యిల దగ్గరికి పోయి, వంటవాళ్ళతో మాట్లాడుతూ, అరచేతిలో విస్తరి ముక్క పెట్టుకుని తినేది. ఎవరైనా కుర్చీ లాగి "కూర్చో అత్తా" అంటే, "కూర్చుంటే లేపేవాళ్ళు కావాల నాయనా" అనేది.

నాతో మాత్రం ఇంకో మాట అనేది.

"మన ఇంటి మొగోళ్ళు కూర్చునే కదరా అంతా పోగొట్టింది. లేచి తిరిగుంటే ఒక్క రాయన్నా మిగిలేది."

అందులో అబద్ధం లేదు. మా తాత, ఆమె నాయన అన్నదమ్ములు. తర్లుపాడు దారిలో రాతి గని, ఊళ్ళో పలకల ఫ్యాక్టరీ మావి. మా ఇంటి ముద్ర ఉన్న పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. అన్నదమ్ములిద్దరూ చాప పరచుకుని పేకముక్కలు పట్టుకుని కూర్చున్నారు. లేచేసరికి గని లేదు, ఫ్యాక్టరీ లేదు. నోటు పుస్తకాలు వచ్చాక పలకల వ్యాపారం ఎటూ పోయేదే అని బంధువులు సర్దిచెప్పుకుంటారు. నేను సర్దిచెప్పుకోను. ఇంతకంటే చెప్పను కూడా.

అత్త పని ఏరడం. ఎవరింట్లో ఏది కొనాలన్నా ఆమెను తీసుకుపోయేవారు. కుక్కరు, కుట్టుమిషను, మంచం, చెవి కమ్మలు, అద్దెకు ఇల్లు. కొనకనమిట్ల వైపు గొర్రెలు మేపుకునేవాళ్ళు పొట్టేలు కొనాలన్నా కబురు చేసేవారు. దీనికి ఆమె ఏమీ పుచ్చుకునేది కాదు. ఏ కొట్లో ఏరుతుందో ఆ కొట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. "నీళ్ళు తాగితే నోరు వాళ్ళదైపోతాది" అనేది.

ఆమె పద్ధతి ఇది. వస్తువు చుట్టూ తిరిగేది. ఒకసారి ఇటు, ఒకసారి అటు, వానకు ముందు పశువు కట్టుకొయ్య చుట్టూ తిరిగినట్టు. తిరుగుతూ తిరుగుతూ హఠాత్తుగా ఆగి, అమ్మేవాణ్ణి ఒకే ఒక మాట అడిగేది.

"దీంట్లో చెడ్డ ఏంది?"

మంచి చెబితే వినేది కాదు. చెడ్డ చెప్పాలి. చెప్పినవాడి దగ్గరే కొనిపించేది. ఒకసారి ఫ్రిజ్ అమ్మేవాడు ఛాతీ విరిచి, మా కంపెనీ సరుకులో వంక అనేదే లేదు అన్నాడట. "వంక లేనిది నాకు భయం నాయనా" అని బయటికి నడిచింది. ఆమె వెంట వెళ్ళిన కుటుంబం ఆ ఎండాకాలమంతా కుండనీళ్ళే తాగింది. వాళ్ళు నొచ్చుకోలేదు. పైగా ఇంటికి వచ్చినవాళ్ళకల్లా ఆ కథ చెప్పి మరీ కుండనీళ్ళు ఇచ్చేవారు.

ఏరిన వస్తువు ఇంటికి చేరాక అత్త నడుముకు కట్టుకున్న సంచిలోంచి చిన్న భరిణె తీసి, అరచేతిలో కుంకుమ తడిపి, తన వేలితో బొట్టు పెట్టేది. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. ముత్తయిదువ చేత పెట్టించాలి కదా అని ఎవరో ముసలావిడ అంటే, "మనుషులకు పట్టింపు గానీ ఇనుముకూ ప్లాస్టిక్కుకూ ఏం పట్టింపే" అన్నది. ఆ బొట్టుతో కొనుగోలు ముగిసినట్టు. తరువాత పక్కింటివాళ్ళు వచ్చి ఇంకోటి బాగుండేదన్నా, కొన్నవాళ్ళకే మనసు మారినా, వస్తువు తిరిగి కొట్టుకు పోవడానికి వీల్లేదు. దుకాణదారులకు ఆమె అంటే అంత గౌరవం ఉండటానికి ఇదీ ఒక కారణం.

చివరి రోజుల్లో తల కోడిలా పక్కకు వాల్చి చూసే అలవాటు ఒకటి వచ్చింది. తిరుగుడు కూడా ఎక్కువైంది. వయసు మీద పడి చాదస్తం పెరిగిందనుకున్నాం.

నేను హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పని చేస్తాను. పెద్ద ఇళ్ళకూ హోటళ్ళకూ నేల మీద రాళ్ళు ఎట్లా పరచాలో కంప్యూటర్ మీద నమూనాలు గీయడం నా పని. రాళ్ళు ఎవరివో, గీతలు నావి. ల్యాప్‌టాప్ చిన్న తెర మీద గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, నమూనాలు తప్పులతో వెనక్కి రావడం మొదలైంది. ఇంకోసారి వస్తే కష్టమని కంపెనీవాళ్ళు మర్యాదగానే చెప్పారు. పెద్ద మానిటర్ తప్పనిసరైంది.

ఇంకో అవసరం కూడా ఉంది. సాయంత్రాలు నేను ఆట ఆడతాను. తుపాకీ పట్టుకుని పాడుబడ్డ ఊరి సందుల్లో తిరిగే ఆట. నలభై దాటిన మనిషిని. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఏది కొనాలో తేలక వారాల తరబడి ఇంటర్నెట్‌లో అభిప్రాయాలు చదివాను. ఒకడు మెచ్చిందాన్ని ఇంకొకడు తిడతాడు. అంగుళాలు, పిక్సెళ్ళనే చుక్కలు, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతుందో ఆ లెక్కలు. చవకది పనికిరాదు, అన్నిటికంటే మంచిది అందదు. మిగిలింది మధ్యరకం. మధ్యరకం అనే మాట మా ఇంట్లో పలకల విషయంలో కూడా వాడేవారు కాదు. అట్లాంటి పలకలు మా ముద్రతో బయటికి పోకూడదని పగలగొట్టి దారి గుంతల్లో పోసేవారని చెబుతారు. అందుకే ముందుకూ పోలేక, మానుకోలేక ఊగిసలాడుతున్నాను.

అత్త ఒకరోజు మెట్లెక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చూసింది.

"ఎన్నాళ్ళురా తెరలో తెరలు చూసేది? ఆకలైనోడు వంటపుస్తకం చదివినట్టు. లెయ్, పోదాం పా."

బస్టాండు దగ్గర కంప్యూటర్ల కొట్టు ఒకటి ఉంది. ఇప్పటి యజమాని తాత అదే కొట్లో ఇత్తడి సామాన్లు అమ్మాడు. అత్తను చూడగానే అతను లేచి నిలబడ్డాడు.

"రా అత్తా, కూర్చో. కూల్‌డ్రింకు తెప్పిస్తా."

"నేను కూర్చోనని మీ తాతకు తెలుసు, మీ నాయనకు తెలుసు. నీకింకా తెలీలేదా శెట్టీ? మావానికి తెర కావాల. పనికీ, ఆటకీ."

నేను గొంతు సర్దుకున్నాను. "పనికే" అన్నాను.

"ఆటకు కూడా. సాయంత్రమైతే వాని గదిలో తుపాకులు పేలతాంటాయి. కింద మెట్ల దాకా వినపడతాది. మళ్ళా సిగ్గు."

కొట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. అత్త నా వైపు తిరిగింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"ఆ ఆటలో ఏం పోతాదిరా?"

"ఏం పోదు అత్తా. మనిషి పడిపోతాడు. మళ్ళీ మొదలవుతాది."

"గని పోదా?"

"పోదు."

"ఆ ఆట మీ తాతకు దొరికుంటే ఎంత బాగుండురా" అన్నది.

శెట్టి బల్ల మీద మానిటర్లు వరసగా పెట్టి తీగలు తగిలించాడు. అత్త తిరగడం మొదలుపెట్టింది.

"ఇదేంది?"

"ఇరవై నాలుగు అంగుళాలది. ఆటకు గుర్రం అత్తా."

"చెడ్డ?"

శెట్టికి ఆమె పద్ధతి తెలుసు. తల గోక్కున్నాడు. "చోటు చాలదు. అన్న పెద్ద నమూనా తెరిస్తే సగం బయటనే ఉంటాది."

"దీని పక్కది?"

"ఇరవై ఏడు అంగుళాలు. ధర కూడా తక్కువే. కానీ దాంట్లో ఉన్నన్ని చుక్కలే దీంట్లోనూ. తెర పెద్దదైంది గానీ చుక్కలు పెరగలేదు. దగ్గర కూర్చుంటే అక్షరాల అంచులు గరుకుగా కనపడతాయి."

"నీళ్ళు పోసిన మజ్జిగ."

"అంతే అనుకో."

మూడోది వంపు తిరిగిన తెర. రెండు చివరలూ నా వైపు వంగి, కౌగిలించుకోవడానికి వస్తున్నట్టు ఉంది. అందులో నలుపు కాటుకలా ఉంది. నా మనసు అక్కడే పడింది. ధర కొంచెం ఎక్కువైనా ఏదోలా సర్దుకోవచ్చనిపించింది. చెడ్డ చెప్పమంటే శెట్టి కాసేపు ఆలోచించాడు.

"తెరే వంగింది కాబట్టి, అన్న గీసే నిట్టనిలువు గీత కూడా వంగినట్టు అనిపిస్తాది. వేగంగా పరిగెత్తే బొమ్మ వెనక నల్లటి నీడ సాగుతాది."

"ఈ చివరిది?"

"ఇదీ ఇరవై ఏడే. చుక్కలు ఎక్కువ, గీత సన్నగా తెగుతాది. ఆటకు సరిపోయే వేగం ఉంది. చుట్టూ అంచు కూడా లేదు చూడు, అంతా తెరే..."

"మంచి నేను అడిగినానా?"

శెట్టి నవ్వాడు. "చెడ్డ చాలా ఉంది అత్తా. చీకటి బొమ్మ వస్తే నలుపు నలుపుగా ఉండదు, బూడిద పూసినట్టు ఉంటాది. స్టాండు పైకీ కిందికీ జరగదు. ఇంకొకటి, అన్న ల్యాప్‌టాప్ పాతది కదా, ఆటలో దీని వేగమంతా రాదు. కంప్యూటర్ మార్చిన రోజే పూర్తి సుఖం."

అత్త మొహం వెలిగింది. ఇన్ని వంకలు ఒకేసారి చెప్పినవాడు ఆమెకు ఈ మధ్య దొరికినట్టు లేడు.

"బూడిదగా ఉంటే ఏమైందిరా. మన రాయి మాత్రం? తడిపితేనే నలుపు, ఆరితే బూడిదే. దాని మీదే కదా అందరూ అఆలు దిద్దుకునింది." నా భుజం మీద చేయి వేసి కుర్చీలోకి నొక్కింది. "కూర్చో. మన ఇంట్లో కూర్చునేవాడివి నువ్వే కదా. నీ పని తెచ్చినావు కదా, దీని ముందు కాసేపు చెయ్యి, దాని ముందు కాసేపు చెయ్యి."

పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న నమూనా తెరిచాను. వంపు తెర మీద కొంతసేపు గీశాను, చివరి దాని మీద కొంతసేపు. అత్త నా వెనక నిలబడలేదు. మానిటర్ల వెనక అటూ ఇటూ తిరుగుతూ ఉంది. తెరను ఒక్కసారి కూడా చూసినట్టు లేదు. చివరికి వచ్చి అరచేయి ఆ చివరి మానిటర్ నెత్తి మీద పెట్టింది.

"ఇది."

"అది కూడా చూడు అత్తా" అన్నాను వంపు తిరిగినదాన్ని చూపిస్తూ.

"దాని ముందు నువ్వు ఊపిరి బిగబట్టినావురా. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు. దీని ముందు మామూలుగా పీల్చినావు. పొద్దస్తమానం దీని ముందే కూర్చోవాల్సినోడివి. ఊపిరాడేది కొనుక్కో."

"మనకు మధ్యరకమా?" అన్నాను. శెట్టికి వినపడకుండానే అన్నాననుకున్నాను.

"మొదటి రకాలన్నీ కొని చూసినాం కదా. ఏం మిగిలింది? ఇప్పుడు నడిమిది కొని చూద్దాం."

శెట్టి రసీదు రాసుకోవడానికి తల వంచాడు. వంచే ఉంచాడు. ఆ మర్యాదకు ఇప్పటికీ అతని పట్ల నాకు సదభిప్రాయం ఉంది.

ఇంటికి తెచ్చి బల్ల మీద నిలబెట్టాం. అత్త భరిణె తీసింది, కుంకుమ తడిపింది. ల్యాప్‌టాప్ రాకముందు నాకున్న పాత కంప్యూటర్ మానిటర్‌కు వేలెడు వెడల్పున ప్లాస్టిక్ చట్రం ఉండేది, పలకకు చెక్క చట్రం ఉన్నట్టు. దాని మీద కూడా ఆమే బొట్టు పెట్టింది. ఇప్పుడు ఆమె వేలు మానిటర్ పై అంచు పట్టుకుని నెమ్మదిగా జారుతూ, కుడి మూల దాకా వచ్చి, చట్రం కోసం కొంచెం కిందికి దిగింది. చట్రం లేదు. వేలు ఇంకొంచెం దిగింది. నేను నోరు తెరిచేలోపు తెర మీదే నొక్కింది.

తెర ఆపేసి ఉంది కాబట్టి ఆ నలుపు మీద బొట్టు చక్కగానే కనిపించింది. నేను స్విచ్చి వేశాను. తెల్లటి పేజీ వచ్చింది. మూలన ఎర్రటి చుక్క, దాని కింద సన్నగా కారిన నీరు.

"పడిందా?" అన్నది.

"పడింది."

"అంచు మీదనేనా?"

నేను గొంతు సర్దుకున్నాను.

ఆమె చేయి వెనక్కి చాపి, కుర్చీ ఎక్కడుందో తడుముకుని, కూర్చుంది. ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. ఏం చేయాలో తెలియక నేను నిలబడిపోయాను.

"మీ తాత కూడా అట్లనే గొంతు సర్దుకునేవాడు. ముక్క పడలేదని దూరం నుంచే తెలిసిపోయేది" అన్నది. తరువాత తానే చెప్పింది. "పక్క చూపు మొత్తం పోయిందిరా. గిద్దలూరు దాటి నంద్యాల రైలు బోగద సొరంగంలోకి పోతాది చూడు. దూరంగా అవతలి వెలుగు నాణెమంత కనపడతాదే, అంతే నాకున్నది. దాంట్లోకి ఏదొస్తే అది చూస్తా. రాకుంటే నేనే తిరిగి తెచ్చుకుంటా."

అప్పటికి అర్థమైంది, ఆ కోడి చూపూ, ఆ ప్రదక్షిణాలూ. అంతకు ముందు నుంచీ నిలకడ లేని మనిషే. కానీ ఈ మధ్య తిరుగుడు మాత్రం చూపు కోసం.

"డాక్టరు ఏమన్నాడు?"

"పోయింది రాదంట. ఉన్నది నిలబడటానికి చుక్కల మందు ఇచ్చినాడు, పోసుకుంటానే ఉన్నా." భరిణె మూత పెట్టి సంచిలో వేసుకుంది. "నా కూతురికి చెప్పాకు. దానికి తెలిస్తే నంద్యాల తీసకపోయి కూర్చోబెడతాది. మంచిదే అది, బాగా చూసుకుంటాది. బాగా చూసుకోవడమంటేనే కూర్చోబెట్టడం కదరా. నన్ను కూర్చోబెట్టనీయాకు."

"నేనై చెప్పను. అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను అత్తా."

"అడక్కుండా నేను చూసుకుంటాలే" అని లేచింది. లేచేటప్పుడు నేను చేయి అందించబోయాను. తోసేసింది.

మెత్తటి గుడ్డతో తెర తుడిచాను. కారిన నీరు పోయింది. బొట్టు మసకబారింది గానీ పూర్తిగా పోలేదు. మెరవకుండా పైన పూసిన పొరలోకి ఎరుపు దిగింది.

ఆ తరువాత కూడా ఆమె ఏరింది. గిద్దలూరులో ఒక పెళ్ళివారు చీరలకు పిలిస్తే నేను తోడు వెళ్ళాను. చీర వేళ్ళ మధ్య నలిపింది, చెవి దగ్గర పెట్టి విదిలించింది, చెడ్డ ఏందని అడిగింది, అమ్మేవాడి గొంతు విన్నది. "రంగు నువ్వు చెప్పమ్మా, కట్టుకునేది నువ్వు కదా" అని పెళ్ళికూతురి మీదికి నెట్టింది. అందరూ మురిసిపోయారు. ఎవరికీ అనుమానం రాలేదు. తిరుగు రైల్లో తలుపు దగ్గర నిలబడి, గాలికి కళ్ళు మూసుకుని, "ఇంకా నడుస్తాంది అల్లుడా బండి" అన్నది.

కూతురు ఫోన్‌లో నా గురించి అడిగినప్పుడల్లా, వాడు పనిలో ఉన్నాడని అత్తే చెప్పేసేది. అట్లా కొన్ని నెలలు గడిచాయి. చివరికి కూతురే ఏదో పెళ్ళికి మార్కాపురం వచ్చింది. నంద్యాల బడిలో పాఠాలు చెబుతుంది. ఏ మాటైనా సూటిగా అడిగే మనిషి. తల్లిని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది.

"బావా, తిరుగు రైలుకు టికెట్ ఉందేమో చూసిపెట్టు."

నేను రైల్వే పేజీ తెరిచాను. తెల్లటి పేజీ. ఆమె నా పక్కన వంగి చూస్తూ నవ్వింది.

"ఇదేంది బావా, తెరకు బొట్టు పెట్టుకున్నావు? అంచు మీద పెడతారు గానీ..." అని ఆగిపోయింది. ఆ కుంకుమ బొట్టు పెట్టే చేయి ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఆమెకు తెలియకుండా ఉంటుందా. తల తిప్పి గుమ్మం వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. "బావా, ఇది ఎవరు పెట్టినారు?"

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. తల పక్కకు వాల్చి, నా గొంతు వచ్చే వైపు చెవి పెట్టి.

నేనే పెట్టుకున్నానంటే సరిపోయేది. ఒక్క మాట. నేను గొంతు సర్దుకున్నాను.

"ఆగురా. నీకు చేతకాదు" అన్నది అత్త. "నేనే పెట్టినా అమ్మా. అంచు కనపడలేదు నాకు."

తరువాత జరిగినదంతా తల్లీ కూతుళ్ళ సంగతి. ఏడుపు ఉంది, కోపం ఉంది. "నీకు తెలుసా బావా?" అని అడిగితే తెలుసన్నాను. ఆమె నన్ను చూసిపెట్టమన్న టికెట్‌కు తోడు ఇంకొకటి తీయమన్నది. తీశాను.

మార్కాపురం రోడ్ స్టేషన్‌లో రైలు కోసం ఎదురు చూస్తున్నంతసేపూ అత్త ప్లాట్‌ఫారం మీద తిరుగుతూనే ఉంది. కూతురు నీళ్ళ సీసా కోసం పోయినప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"ఎందుకు చెప్పినావు అత్తా? నేనేదో ఒకటి అనేవాణ్ణి."

"అనేవాడివి. అని ఆరునెలలు తిండి తినేవాడివి కాదు. మన దగ్గర అమ్ముకోవడానికి ఇంకేం మిగిలిందిరా? ఆ మాట ఒక్కటే. దాన్నన్నా ఉంచుకో." తరువాత నవ్వింది. "తెర ఎట్లుంది? ఊపిరాడతాందా?"

"ఆడతాంది. నమూనాలు వెనక్కి రావడంలేదు."

"ఆటలో?"

"పడిపోతానే ఉన్నా."

"మళ్ళా మొదలవుతాది కదా. ఇంకేం."

రైలు వచ్చింది. అత్త తలుపు దగ్గరే కమ్మీ పట్టుకుని నిలబడింది. కూతురు రెండు చేతులా పట్టుకుని లోపలికి తీసుకుపోయి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. రైలు కదిలేటప్పుడు అత్త కిటికీలోంచి చేయి ఊపింది. నేను నిలబడ్డ చోటుకు కాదు, కొంచెం పక్కకు. ఆ పక్కన ఎవరూ లేరు. నేను అక్కడికి జరిగి నిలబడ్డాను.

నంద్యాల నుంచి అప్పుడప్పుడు ఫోన్‌లో మాట్లాడేది. ఏం చేస్తున్నావని నేనే అడిగేవాణ్ణి.

"కూర్చున్నా" అనేది.

అంతకు మించి ఫిర్యాదు చేయలేదు. కూతురు కళ్ళలో మందు వేళకు పోస్తుందని, వేడిగా వండి పెడుతుందని, వీధిలోకి ఒక్కదాన్ని పంపదని చెప్పేది. ఒకసారి మాత్రం, ఇక్కడ కుర్చీ చాలా బాగుందనీ దాంట్లో వంక ఒక్కటి కూడా కనపడటం లేదనీ అన్నది.

కబురు కూడా కూతురే చెప్పింది. "టీ ఇచ్చి లోపలికి పోయినా బావా. మళ్ళీ వచ్చేసరికి కప్పు ఒడిలోనే ఉంది. కూర్చునే పోయింది." టీ తాగడానికి కూర్చుందా, కూర్చోబెట్టారా అని అడగబోయి, అడగలేదు. ఆ పిల్ల ఏడుస్తోంది.

బొట్టు అట్లాగే ఉంది. కుడి వైపు, పై మూల. తెరిచిన ఏ పేజీని మూయాలన్నా అక్కడికే పోవాలి. మూసే గుర్తు సరిగ్గా దాని కిందే ఉంటుంది. ఇక ఆటలోనైతే ఆ మూల నుంచి వచ్చే శత్రువు నాకు కనిపించడు. ఎర్రటి మసకలోంచి ఎప్పుడు వచ్చాడో తెలిసేలోపే నేను నేల మీద పడి ఉంటాను.

నిన్న ఆ తీగల మనిషి వెళ్ళాక కాలు ఒకచోట నిలవక, సాయంత్రం కాకముందే ఆట పెట్టుకున్నాను. కాసేపటికే పడిపోయాను. ఆ మూల నుంచే వచ్చాడు. మళ్ళీ మొదలుపెట్టమంటావా అని తెర అడిగింది. నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాను. శెట్టి చెప్పినట్టు ఈ స్టాండు పైకి జరగదు. నిలబడి ఆడాలంటే నడుం వంచాలి.

వంచాను.